జీడిపిక్కల దిగుమతియు విదేశ వర్తకుల పరీక్షయు

(వార్షిక మహాసభ రెండవనాటి వాణిజ్యగోష్ఠి యందు చేయబడిన ఉపన్యాసము)



ఇట్టి మహాసభయందు ప్రసంగించుటకు మాకంటె విద్యావంతులును, అనుభవశాలురును పెక్కుమంది యిచ్చట ఆసీనులై యున్నారు. అయినను ఆహ్వానసంఘమువారు ఈ విషయమునకు మమ్ము నియోగించుటకు కారణము మా పాండిత్యము కాదనియు, మేము తిన్న దెబ్బయే యనియు మే మెరుగుదుము. గోతిలో పడి లేచినవాడు దారి చూపుటకు సిగ్గుపడరాదు. కావున మా తప్పులను దాచక, మీ సమయమును వృథాచేయక, మాకు తెలిసిన నాలుగు మాటలు విన్నవించుకొనుచున్నాము.

సముద్రవ్యాపారము మన వైశ్యులకు క్రొత్త కాదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి శాలివాహన శకము 1166, అనగా క్రీస్తుశకము 1244 ప్రాంతమున మోటుపల్లి రేవునందు అభయశాసనమును వేయించెను. అంతకుముందు రాజులు తుపానున పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును స్వాధీనము చేసికొనుచుండిరనియు, తాను మాత్రము నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గ్రహింపననియు ఆ చక్రవర్తి దేశాంతర వర్తకులకు అభయమిచ్చెను. ఈ శాసనము మనకు గర్వకారణ మగుటయే కాక ఒక పాఠమును గూడ నేర్పుచున్నది. ముఖపరిచయము లేని దూరదేశపు వర్తకునికిని మనకును నడుమ నిలువవలసినది తీపిమాట కాదు, రాతిమీద చెక్కినంత స్పష్టమైన కట్టుబాటు. ఈ ఉపన్యాస సారమంతయు ఆ యొక్క వాక్యములో నున్నదని చెప్పవచ్చును.

విదేశ సరకులు అనేకములు. అన్నిటిని గూర్చి చెప్పుట మాకు శక్యము కాదు. శ్రీకాకుళము జిల్లా పలాసయందు మా కుటుంబము జీడిపప్పు కార్ఖానా నడుపుచున్నది గనుక జీడిపిక్కల దిగుమతినే దృష్టాంతముగ గైకొనుచున్నాము. సూత్రములు గ్రహించినచో ఇతర సరకుల వర్తకులును తమతమ వ్యాపారములకు వానిని అన్వయించుకొనవచ్చును.

మన ప్రాంతపు పిక్క వేసవియందు వచ్చును. అది కార్ఖానాలకు కొన్ని మాసములకు మాత్రమే చాలును. తక్కిన కాలమున బట్టీలు చల్లారకుండవలెనన్న విదేశపు పిక్క తప్పదు. ఐవరీ కోస్టు, ఘానా, నైజీరియా, గినీ బిస్సౌ మొదలగు పశ్చిమాఫ్రికా దేశములలో పంట ఇంచుమించు ఫిబ్రవరి మొదలు జూను వరకును, టాంజానియా, మొజాంబికు దేశములలో అక్టోబరు మొదలు సంవత్సరాంతము వరకును వచ్చును. పోర్చుగీసువారు పదునారవ శతాబ్దమున బ్రెజిలునుండి మన పడమటి తీరమునకు తెచ్చిన చెట్టు అది; నేడు మన స్త్రీలు వేలకొలది చేతులతో పొట్టు తీయు ఆ పప్పునకు మూలమైన పిక్క ఆఫ్రికా రైతు ఇంటనుండి వచ్చుచున్నది. ఇట్లు రెండు ఖండముల పేదల పొట్టలు మన బేరముమీద ఆధారపడి యున్నవి.

ఇక మా కథ. కొన్ని సంవత్సరముల క్రిందట పశ్చిమాఫ్రికాలోని యొక ఎగుమతి సంస్థనుండి మాకు లేఖ వచ్చినది. ఆ సంస్థ పేరును, దేశమును చెప్పుట మా యుద్దేశము కాదు. ధర బజారుకంటె తక్కువ. నమూనాగా పంపిన పిక్కను కోసి చూచితిమి. బస్తాకు 49 పౌనుల పప్పు తేలినది. మా తండ్రిగారు, "ఇంత మంచి సరకు ఇంత చవుకగా నేల ఇచ్చుచున్నారురా?" అని యొకమారు ప్రశ్నించిరి. మేము ఆ ప్రశ్నను వృద్ధుల అనుమానముగా భావించి త్రోసివేసితిమి. నూటికి ముప్పది బయానా పంపితిమి. ఓడసరకు రసీదు, అనగా బిల్ ఆఫ్ లేడింగు, నకలు చూచినంతనే తక్కిన సొమ్మును తంతి బదిలీ చేసితిమి.

రెండు కంటెయినర్లు విశాఖపట్టణము చేరినవి. తలుపు తెరచునప్పటికి బూజు వాసన గుప్పుమన్నది. కోసి చూడగా బస్తాకు 42 పౌనులు. ఇరువది అడుగుల కంటెయినరులో పదునారు టన్నులు, అనగా 80 కిలోల బస్తాలు 200 పట్టును. రెండింటిలో 400 బస్తాలు. బస్తాకు 7 పౌనుల లోటనగా మొత్తము 2800 పౌనులు, ఇంచుమించు 1270 కిలోల పప్పు మా కండ్లయెదుట ఆవిరైపోయినది. వారికి వ్రాయగా, ఓడ కెక్కించుటకు ముందు పొందిన నాణ్యతా పత్రమును చూపిరి. ఆ పత్రము వారు తామై తెచ్చి యిచ్చిన నమూనా ననుసరించి వ్రాయబడినది! పిదప మా లేఖలకు జవాబు నిలిచిపోయెను. మా తల్లిగారి బంగారము బ్యాంకునకు వెళ్లినది. అంతకంటె మమ్ము బాధించిన దేమనగా, నెలన్నర పాటు కార్ఖానా ద్వారమున కూలికై వచ్చి నిలిచిన స్త్రీలను "రేపు రండమ్మా" అని మరలించుట. మా తప్పునకు శిక్ష వారనుభవించిరి.

ఇందులో దోష మెవరిది? మోసగాని దోషము సగము. తక్కిన సగము మాదే. ఆ సగమును తొలగించుకొనుట మన చేతిలో నున్నది. ఎట్లన్నచో వినుడు.

మొదటిది, మన అవసరమును మనము తెలిసికొనుట. ఏ మాసమునకు ఎన్ని బస్తాలు కావలెను, ఏ పరిమాణపు పప్పునకు మనకు గిరాకి యున్నది, ఎంత ధరకు కొన్న గిట్టును అను లెక్క ముందు మన పుస్తకములో నుండవలెను. కిలోకు ఎన్ని పిక్కలు తూగునను సంఖ్యను బట్టి పప్పు పరిమాణ ముండును. సంఖ్య పెరిగినకొలది పప్పు చిన్నది. పౌనుకు 300 మొదలు 320 వరకు తూగు తెల్లగుండు పప్పును 320 రకమనుట మీరెరిగినదే. ఇది తెలియక బేరమునకు పోవువాడు అమ్మువాడు చెప్పినదే సరకనుకొనును.

రెండవది, వర్తకుని వెదకుట. నేడు ఇంటనుండి కదలకయే వేయిమంది అమ్మకందారుల పేర్లు చూడవచ్చును. దూరపు కొండలు నునుపు. పేర్లు దొరకుట సులభము. మనుష్యులు దొరకుట కష్టము. 1955లో స్థాపింపబడిన భారత జీడిపప్పు ఎగుమతి ప్రోత్సాహక మండలిని, మన రాయబార కార్యాలయములలోని వాణిజ్యశాఖలను, ఆ దేశపు వర్తక సంఘములను మొదట అడుగుడు. ఐవరీ కోస్టులో పత్తికిని జీడికిని ప్రభుత్వ మండలి యొకటి గలదు. టాంజానియాయందు జీడిపిక్కలు 2007 నుండి గిడ్డంగి రసీదు పద్ధతిని సహకార సంఘముల ద్వారా వేలమున అమ్ముడుపోవుచున్నవి. బెనిన్ ప్రభుత్వము పచ్చిపిక్క ఎగుమతిని 2024 ఏప్రిలు నుండి నిషేధించుచు నిర్ణయించినది. ఈ సంగతులు తెలిసినవానికి సగము మోసములు తమంతట తామే బయటపడును. వేలము లేకయే టాంజానియా తోటనుండి నేరుగా పంపెదమనువానిని, నిషేధము తరువాతను బెనిన్ పిక్క ఎంతయైన నిచ్చెదమనువానిని రెండవ ప్రశ్న అడుగవలసిన పని లేదు.

మూడవది, వర్తకుడు నిజముగా నున్నాడా యని చూచుట. ప్రతి దేశమునను కంపెనీల నమోదు పట్టిక యుండును. ఇంగ్లండు కంపెనీల పట్టికను ఎవరైనను ఉచితముగ చూడవచ్చును. చైనాలో ప్రతి సంస్థకును పదునెనిమిది అక్షరముల గుర్తింపు సంఖ్య యుండును. దానిని ప్రభుత్వ పట్టికలో సరిచూడవచ్చును. పట్టికలోని పేరు, ఇన్‌వాయిసుపై పేరు, బ్యాంకు ఖాతా పేరు, ఈ మూడును అక్షరము పొల్లుపోక ఒక్కటిగా నుండవలెను. సంస్థ యొక దేశమున, ఖాతా మరియొక దేశమున, ఖాతాదారు ఒక వ్యక్తియు నైనచో ఆ బేరము నచ్చటనే విడువుడు. మన బ్యాంకు ద్వారా ఆ బ్యాంకునుండి వర్తకుని గూర్చి అభిప్రాయము తెప్పించుకొనుడు. వెనుకటి రెండు మూడు ఓడసరకు రసీదుల నకళ్లు అడిగి, వాని సంఖ్యలను ఓడకంపెనీవారి యొద్ద సరిచూడుడు. పూర్వము వాని యొద్ద కొన్నవారిలో ఇద్దరితో స్వయముగ మాటాడుడు. వాడు చెప్పిన ఇద్దరు చాలరు, మనము వెదకి పట్టిన మూడవవాడు ముఖ్యము. వీలైనచో పోయి చూచి రండు. విమానపు టికెట్టు వెల ఒక కంటెయినరు నష్టములో ఎన్నవవంతో లెక్కించుకొనుడు.

నాలుగవది, సరకు పరీక్ష. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు చాలునందురు. కాని ఆ మెతుకు ఆ కుండలోనిదే యై యుండవలెను గదా! మేము పొరుగుకుండలోని మెతుకు పట్టి చూచితిమి. అమ్మువాడు పంపిన నమూనా వాని మాట మాత్రమే. గిడ్డంగిలో మన పక్షపువాడు నిలిచి, పెక్కు బస్తాల పైనుండియు, నడుమనుండియు, అడుగునుండియు పిడికెడేసి తీసి, కుప్పగా పోసి కలిపి, నాలుగు పాళ్లు చేసి ఎదురెదురు పాళ్లను తీసివేయుచు, చివరకొక కిలో మిగుల్చుకొనవలెను. దానిని లెక్కించి, ప్రతి పిక్కను రెండుగా కోసి, మంచి పప్పును వేరుగను, మచ్చపడిన, పూర్తిగ పండని పప్పును వేరుగను తూచవలెను. రెండవదానిలో సగము బరువునే లెక్కకు తీసికొందురు. పురుగుపట్టినది, నల్లబడినది, బూజుపట్టినది లెక్కకు రాదు. కిలోకు 272 గ్రాముల పప్పు తేలినచో 80 కిలోల బస్తాకు ఇంచుమించు 48 పౌనులగును. 238 గ్రాములైనచో 42 పౌనులే. ఈ చిన్న లెక్కను మన పిల్లలకు ఎక్కములతో పాటు నేర్పవలెను.

తేమను మరువరాదు. నూటికి పది మించి తేమయున్న పిక్కను కంటెయినరులో మూసినచో, నెలకు పైబడిన సముద్రయానమున, పగటి వేడికిని రాత్రి చలికిని లోకప్పునుండి చెమట కారి, బస్తాలు తడిసి బూజుపట్టును. కావున గోడలకు మందపు కాగితము కట్టించి, తేమ పీల్చు సంచులు వ్రేలాడదీయించి, తలుపునకు ముద్ర వేయునప్పుడు ఆ సంఖ్యను మనవాడే వ్రాసికొనవలెను. మనవాడు లేనిచో 1828లో పుట్టిన బ్యూరో వెరిటాసు, 1878లో పుట్టిన ఎస్‌.జి.ఎస్‌. వంటి పరీక్షక సంస్థలు గలవు. కాని వారిని నియోగించువారము, రుసుము చెల్లించువారము మనమే కావలెను. ఎవరి సొమ్ము తినిన వారికే జవాబు చెప్పుట లోకస్వభావము.

అయిదవది, ఒడంబడిక. "మంచి సరకు" అని వ్రాసికొనుట ఒడంబడిక కాదు. బస్తాకు ఇన్ని పౌనులు; అంతకు తగ్గినచో పౌనుకింత చొప్పున ధర తగ్గింపు; ఈ మేరకును దిగినచో సరకు తిరస్కారము; కిలోకు పిక్కల సంఖ్య ఇంత; తేమ ఇంతకు మించరాదు; తూకము ఎచ్చటిది ప్రమాణము; చేరిన ఎన్ని దినములలో ఫిర్యాదు చేయవచ్చును; ఇవి యన్నియు అంకెలతో నుండవలెను. ఓడకూలి, భీమా ఎవరు భరింతురో, నష్టభారము ఎచ్చట చేతులు మారునో అంతర్జాతీయ వాణిజ్యమండలివారి 2020 నాటి నిబంధనలలో ఒకదానిని పేర్కొని వ్రాయుడు. తగవు వచ్చినచో మధ్యవర్తులు ఏ నగరమున కూర్చుందురో గూడ వ్రాయుడు. మన న్యాయస్థానపు డిక్రీ సముద్రము దాటి అమలగుట కష్టము. మధ్యవర్తుల తీర్పునకైనచో 1958 నాటి న్యూయార్కు ఒడంబడిక వలన ఆఫ్రికాలోని పెక్కు దేశములలో విలువ గలదు. అయినను రెండు కంటెయినర్ల తగవునకు మధ్యవర్తిత్వపు ఖర్చు తలకు మించును. చేతులు కాలినపిదప ఆకులు వెదకుటకంటె నిప్పును చూచి నడచుట మేలు.

ఆరవది, సొమ్ము చెల్లింపు. ఇచ్చట మనవారిలో నొక గొప్ప భ్రమ గలదు. లెటర్ ఆఫ్ క్రెడిట్ అను బ్యాంకు హామీపత్రము తెరచినచో ఇక భయము లేదని యనుకొందురు. సోదరులారా! 2007 జూలై నుండి అమలునందున్న అంతర్జాతీయ నియమావళి స్పష్టముగ చెప్పుచున్న దేమనగా, బ్యాంకు కాగితములతో వ్యవహరించును గాని సరకుతో వ్యవహరింపదు. కాగితములు నిబంధనల ప్రకారము సరిగా నున్నచో పెట్టెలో ఇసుక యున్నను బ్యాంకు సొమ్ము చెల్లించును. కావున మనము నియోగించిన పరీక్షకుడు, సరకు ఎక్కించునాడు, ఇన్ని పౌనులు తేలినదని వ్రాసి యిచ్చిన పత్రము లేనిదే చెల్లింపరాదని ఆ హామీపత్రములోనే వ్రాయించుడు. మాకు ఆనాడు ఈ యొక్క వాక్యము తెలిసియున్నచో మా తల్లిగారి గాజులు చేతినుండి దిగియుండెడివి కావు.

మరియొక మోసము కలదు. సరకు బయలుదేరిన తరువాత, "మా బ్యాంకు ఖాతా మారినది, సొమ్మును క్రొత్తఖాతాకు పంపుడు" అని వర్తకుని పేరనే లేఖ వచ్చును. వర్తకుడు మంచివాడే, నడుమ దొంగ వాని లేఖలను చదివి వ్రాసిన లేఖ అది. అట్టి లేఖ వచ్చినపుడు, ఆ లేఖలోని సంఖ్యకు గాక, మన యొద్ద పూర్వమునుండి యున్న సంఖ్యకు టెలిఫోను చేసి, తెలిసిన కంఠమును విని నిశ్చయించుకొనుడు. మొదటి బేరము ఒక్క కంటెయినరు మించరాదు. ఆ యొక్కటి సక్రమముగ చేరినపిదప రెండు. రెండు చేరిన నాలుగు. నమ్మకమనునది విత్తు వంటిది, నాటిననాడే కోయరాదు.

ఏడవది, మన రేవు. దిగుమతిదారునకు ప్రభుత్వమువారి సంకేతసంఖ్య యుండవలెను. ఎగుమతి దేశపు సస్యారోగ్య పత్రము లేనిదే 2003 నాటి మొక్కల నిర్బంధపు ఉత్తరువు ననుసరించి పిక్కలు లోనికి రావు. జీడిపిక్కపై కస్టమ్సు సుంకమును 2018 నాటి బడ్జెటులో నూటికి 5 నుండి 2.5కు తగ్గించిరి. ఒడంబడికలను బట్టి కొన్ని దేశములనుండి వచ్చు సరకులకు రాయితీ గలదు. కాని 2020 సెప్టెంబరు నుండి, సరకు నిజముగ ఆ దేశమున పుట్టినదే యని తెలిసికొని ఆధారము లుంచుకొను బాధ్యత దిగుమతిదారునిమీదనే యుంచబడినది. ఒక దేశపు పిక్క సరిహద్దు దాటి పొరుగుదేశపు పత్రముతో వచ్చుట ఆఫ్రికాలో అరుదు కాదు. "అమ్మినవాడు చెప్పెను, మాకు తెలియదు" అను సమాధానము చెల్లదు. రేట్లు ఏటేట మారును గనుక ఓడ బయలుదేరకముందే కస్టమ్సు ఏజెంటు నడిగి లెక్క వేసికొనుడు. సరకు చేరినంతనే, తలుపు తెరచునప్పుడే, ముద్రసంఖ్య సరిచూచి, ఛాయాచిత్రములు తీసి, మరల కోత పరీక్ష చేయించుడు. ఫిర్యాదు గడువు మనకొరకు ఆగదు.

ఎనిమిదవది, చెప్పుటకు సంకోచించుచునే చెప్పవలసినది. పరీక్ష ఒకవైపు మాత్రమే కాదు. మనము వారిని పరీక్షించునట్లే వారును మనలను పరీక్షించుచున్నారు. ఒప్పందము వ్రాసికొని, ఓడ దారిలో నుండగా బజారు పడినంతనే, లేని లోపములు చూపి సరకు విడిపింపక, వర్తకుని లొంగదీసి ధర తగ్గించుకొన్నవారు మనలో లేరా? అట్టివాని యొక్కని వలన ఊరి వర్తకులందరికిని చెడ్డపేరు వచ్చును. పిమ్మట మంచివాడు మనకు అమ్మడు, మిగిలినవాడు మోసగాడే. మా యనుభవమున ఇది పుస్తకపు మాట కాదు. మేము దెబ్బతిన్న మరుసటి సంవత్సరము ఒక వృద్ధ వర్తకుడు మాకు సరకు పంపుటకు ముందు, మా గతవ్యవహారములను గూర్చి విశాఖపట్టణమున నలుగురిని విచారించెనని తరువాత తెలిసినది. మొదట మాకు కోపము వచ్చెను. పిదప గౌరవము కలిగెను. ఆయనతో మా వ్యాపారము నేటికిని సాగుచున్నది. ఒకమారు మూడు పౌనుల లోటు వచ్చినపుడు, మేము వ్రాసిన వారము దినములలో, తగవు లేక, ఒడంబడిక ప్రకారము సొమ్ము తిరిగి పంపెను. మా తండ్రిగారు ఆ లేఖను మడచి దేవుని గూటిలో పెట్టిరి.

ఇక మా మనవులు మూడు. ఒకటి, మన సంఘము విదేశ వర్తకుల పట్టిక యొకటి ఉంచవలెను. మంచివారి పేర్లతో పాటు, మనవారు మోసపోయిన బేరముల వివరములును, పత్రముల నకళ్లతో, విచారించి నిర్ధారించిన పిమ్మట, సభ్యుల యుపయోగమునకై అందుండవలెను. నష్టమును దాచుకొనుట మన కులమున పరువుగా నెంచబడుచున్నది. ఒకని మౌనము పదిమందికి గోయి యగుచున్నది. రెండు, చిన్న కార్ఖానాదారులు అయిదారుగురు కూడి ఉమ్మడిగా కొనవలెను. ఒక్కనికి పరీక్షకుని రుసుము భారము. ఆరుగురికి అది తేలిక. మూడు, చదువుకొన్న మన యువకులలో ఇద్దరు ముగ్గురికి కోత పరీక్ష, బ్యాంకు పత్రములు, ఫ్రెంచి భాష నేర్పించుటకు విద్యార్థి వేతనము లేర్పరుపవలెను. ఐవరీ కోస్టు వర్తకుడు తన దేశపు పత్రములను ఫ్రెంచిలో వ్రాయును. చదువలేని పత్రముపై సంతకము చేయుట కండ్లు కట్టుకొని బావిగట్టున నడచుట వంటిది. పోషకమహాశయులు ఈ మూడవ మనవిని ప్రత్యేకముగ ఆలకింపవలెనని ప్రార్థించుచున్నాము. సత్రములును దేవాలయములును కట్టించిన చేతులకు ఇది పెద్ద కార్యము కాదు.

మహాజనులారా! మా కార్ఖానా ద్వారమున ఆనాడు మరలిపోయిన స్త్రీల ముఖములు మాకు నేటికిని జ్ఞప్తియందున్నవి. వర్తకుని అజాగ్రత్త వానితోనే నిలువదు; వాని గుమ్మమును నమ్ముకొన్నవారి పొయ్యివరకు పోవును. మా మాటలు విని మీలో నొక్కరు, ఒక్క బేరమునందు, సొమ్ము పంపుటకు ముందు ఒక్కదినము ఆగి విచారించినచో, మా నష్టము వ్యర్థము కాలేదని తృప్తి నొందెదము.